శిక్ష ముందా, బడి ముందా: బాలనేరస్థుల సంస్కరణాలయాల చరిత్రలో మతవిశ్వాసమూ విద్యా

నేరం చేసిన పిల్లవాడిని తిరిగి మనుషుల్లో కలపడం సమాజం బాధ్యత అన్న ఆలోచన అంత పాతదేమీ కాదు. అంతకుముందు కూడా దయగల న్యాయాధికారులూ పిల్లలను చేరదీసిన దాతలూ ఉండేవారు కానీ, పిల్లల కోసం ప్రత్యేకమైన చట్టం, ప్రత్యేకమైన సంస్థ, ప్రత్యేకమైన బోధనా పద్ధతి కలిసి ఒక వ్యవస్థగా రూపుకట్టింది మాత్రం పంతొమ్మిదో శతాబ్దంలోనే. ఆ వ్యవస్థకు పునాది వేసినవారిలో ఎక్కువమంది మతబోధకులు, లేదా మతవిశ్వాసం ప్రేరేపించగా ఉపాధ్యాయులైనవారు. అందువల్ల సంస్కరణాలయం, అంటే నేరం రుజువైన పిల్లలను జైలుకు పంపకుండా చదువూ వృత్తీ నేర్పే ఆవాస పాఠశాల, పుట్టుక నుంచే ప్రార్థనా మందిరానికీ బడికీ ఉమ్మడి సంతానమైంది. ఈ చరిత్రను దగ్గరగా పరిశీలిస్తే, మతవిశ్వాసం సాధించిన గొప్ప మేలు పిల్లల చేత ప్రార్థనలు చేయించడంలో లేదనీ, ఏ బిడ్డ తప్పూ శాశ్వతం కాదన్న నమ్మకాన్ని పెద్దలలో నిలబెట్టడంలో ఉందనీ, ఆ నమ్మకాన్ని బతుకుతెరువుగా మార్చినది విద్య అనీ స్పష్టమవుతుంది.

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండు చట్టం నేరస్థుల మధ్య వయోభేదాన్ని దాదాపుగా పాటించలేదు. ఏడేళ్లలోపు పిల్లలకు నేరబాధ్యత ఉండదన్న నియమం ఉన్నా, ఆ వయసు దాటినవారిని పెద్దల న్యాయస్థానాలే విచారించేవి, పెద్దల జైళ్లలోనే ఉంచేవారు, వారిలో చాలామందిని ఓడలెక్కించి ఆస్ట్రేలియా వలసలకు ప్రవాసశిక్ష మీద పంపేవారు. 1831లో జాన్ బెల్ అనే పద్నాలుగేళ్ల బాలుణ్ణి హత్యానేరం మీద మైడ్‌స్టోన్‌లో ఉరితీశారు. పారిశ్రామిక నగరాలు పెరిగి, ఊళ్లు వదిలి వచ్చిన కుటుంబాలు చెదిరిపోయి, వీధిన పడ్డ పిల్లలు రొట్టెముక్కో చేతిరుమాలో దొంగిలించి పట్టుబడడం మామూలు కావడంతో, జైలు నుంచి విడుదలైన బాలుడు వెళ్లేనాటికంటే ఆరితేరిన దొంగగా తిరిగివస్తున్నాడని న్యాయాధికారులే చెప్పసాగారు. ప్రభుత్వం 1838లో వైట్ దీవిలోని పార్క్‌హర్స్ట్‌లో బాలుర కోసం ప్రత్యేక జైలు తెరిచింది. అక్కడ బడి ఉంది, ప్రార్థన ఉంది, చేతిపని ఉంది. అయినా తొలి సంవత్సరాల్లో పిల్లల కాళ్లకు సంకెళ్లు వేసి, సాయుధ కాపలా పెట్టి, మౌనాన్ని నిర్బంధంగా అమలుచేసిన ఆ సంస్థ జైలు స్వభావాన్ని వదులుకోలేదు. చదువునూ ప్రార్థననూ శిక్షలో భాగం చేసినంత మాత్రాన శిక్ష చదువుగా మారదన్న సంగతిని పార్క్‌హర్స్ట్ అనుభవం తొలిసారిగా రుజువు చేసింది.

దీనికి భిన్నమైన మార్గాన్ని అంతకుముందే జర్మనీలో యోహాన్ హిన్రిష్ విచెర్న్ చూపాడు. వేదాంతవిద్య ముగించుకుని, హాంబుర్గులోని పేదవాడలో ఆదివారపు బడి నడిపిన ఈ ప్రొటెస్టెంటు యువకుడు 1833లో ఆ నగర శివారున ‘రౌహెస్ హౌస్’ అనే ఆశ్రమాన్ని నెలకొల్పాడు. అక్కడ ప్రహరీగోడ లేదు, తలుపులకు ఇనుపకడ్డీలు లేవు. సుమారు పన్నెండుమంది పిల్లలను ఒక కుటుంబంగా చేసి, ప్రతి కుటుంబాన్నీ ఒక చిన్న ఇంట్లో ఉంచి, వారితోపాటే తిని పడుకునే ఒక యువకుణ్ణి ‘అన్న’గా నియమించారు. కొత్తగా వచ్చిన బిడ్డకు, గతంలో చేసినదంతా క్షమించామనీ, ఇకమీద దానిగురించి ఎవరూ అడగరనీ మొదటే చెప్పడం ఆ ఆశ్రమపు ఆచారం. క్రిస్మస్‌కు ఎన్నాళ్లుందో లెక్కపెట్టుకోవడానికి పిల్లలకు వీలుగా 1839లో విచెర్న్ ఒక బండిచక్రానికి కొవ్వొత్తులు అమర్చాడనీ, నేడు క్రైస్తవ ప్రపంచమంతటా కనిపించే ఆగమనకాలపు దీపవలయానికి మూలం అదేననీ చరిత్రకారులు చెబుతారు. ఈ ఆశ్రమంలో మతం ఒక పాఠ్యాంశంగా కాక పండుగలాగా, ఇంటి వాతావరణంలాగా పిల్లలను చుట్టుకుని ఉండేది. క్షమ అనేది సత్ప్రవర్తనకు చివర దక్కే బహుమతి కాదు, అది మొదటి మెట్టు అన్న సూత్రం విచెర్న్ విధానానికి ప్రాణం.

ఫ్రాన్సులో ఫ్రెడెరిక్ ఒగుస్ట్ దెమెత్స్ అనే న్యాయమూర్తి తన పదవిని వదిలిపెట్టి, తూర్ నగర సమీపంలోని మెత్రేలో 1840లో వ్యవసాయ కాలనీ తెరిచాడు. ఇక్కడ కూడా పిల్లలను కుటుంబాలుగా విభజించారు గానీ, సైనిక శిక్షణ, ఒంటరిగదుల నిర్బంధం, ప్రతి నడతనూ పుస్తకంలో నమోదుచేసే నిఘా కూడా ఆ పద్ధతిలో భాగమయ్యాయి. ఒక తరంపాటు ఐరోపా సంస్కర్తలకు తీర్థస్థలంలా ఉన్న మెత్రే, పేరు చెడి 1937లో మూతబడింది. ఫ్రెంచి తత్వవేత్త మిషెల్ ఫూకో 1975లో వెలువరించిన శిక్షాచరిత్ర గ్రంథంలో ఆధునిక నిర్బంధ వ్యవస్థ సంపూర్ణరూపం దాల్చింది మెత్రేలోనేనని వాదించాడు. ఆ విమర్శలో బలముంది. అయితే రౌహెస్ హౌస్‌నూ మెత్రేనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ఒకే ఆశయంతో మొదలైన రెండు సంస్థలు ఇల్లుగానో కోటగానో మారడం వాటిని నడిపినవారు పిల్లలను ఎంతవరకు నమ్మారన్న దానిమీద ఆధారపడిందని కూడా తెలుస్తుంది.

ఈ రెండు నమూనాలనూ లోతుగా అధ్యయనం చేసి, వాటి సారాన్ని ఇంగ్లండుకూ ఆ తర్వాత భారతదేశానికీ చేరవేసినది మేరీ కార్పెంటర్. ఆమె 1807లో ఎక్సెటర్‌లో జన్మించింది. తండ్రి లాంట్ కార్పెంటర్ యూనిటేరియన్ మతాచార్యుడు. దేవుడు ఒక్కడేననీ, త్రిత్వసిద్ధాంతం అంగీకారయోగ్యం కాదనీ, విశ్వాసం వివేకంతో పొసగాలనీ భావించే క్రైస్తవశాఖ యూనిటేరియన్ శాఖ. ఈ భావసామ్యం వల్లనే రాజా రామమోహన్ రాయ్‌కు ఆ కుటుంబంతో స్నేహం కలిసింది. 1833లో ఆయన బ్రిస్టల్‌కు వచ్చినప్పుడు మేరీ ఆయనను దర్శించింది, ఆయన ఆ నగరంలోనే ఆ ఏడాది సెప్టెంబరు 27న కన్నుమూశాడు. తండ్రి బడిలో మగపిల్లలతో సమానంగా లాటిన్, గ్రీకు, గణితం, ప్రకృతిశాస్త్రం చదువుకున్న మేరీ, 1846లో బ్రిస్టల్ మురికివాడ లూయిన్స్ మీడ్‌లో ‘రాగ్డ్ స్కూలు’ ప్రారంభించింది. చిరుగుబట్టలతో, కాళ్లకు చెప్పులు లేకుండా వచ్చినా రానిచ్చే ఉచిత బడికి అప్పట్లో ఆ పేరు వాడేవారు. అక్కడ ఆమె బైబిలు కథలతోపాటు రాళ్లు, శిలాజాలు, మొక్కలు తెచ్చి చూపి పాఠం చెప్పేది. వీధిపిల్లలకు అక్షరాలు చాలునన్న ఆనాటి అభిప్రాయాన్ని ఆమె అంగీకరించలేదు. కుతూహలం కలగని మనసులో నీతి నిలవదని నమ్మింది.

1851లో ఆమె ప్రచురించిన సంస్కరణ పాఠశాలల గ్రంథం ఈ రంగంలో ముఖ్యమైన సిద్ధాంతగ్రంథం. అందులో ఆమె నిరుపేద పిల్లలను రెండు వర్గాలుగా చూపింది. నేరంలో ఇంకా పడకపోయినా ఆకలివల్లా అజ్ఞానంవల్లా అటు జారిపోతున్నవారు మొదటి వర్గం, ఇప్పటికే దొంగతనం వృత్తిగా పెరుగుతున్నవారు రెండో వర్గం. మొదటి వర్గానికి ఉచిత దినపాఠశాలలూ, పూట భోజనం పెట్టి పని నేర్పే ఇండస్ట్రియల్ స్కూళ్లూ, రెండో వర్గానికి ఆవాస సంస్కరణాలయాలూ కావాలని ఆమె ప్రతిపాదించింది. భోజనం పెట్టే బడికి ఆధారం కూడా కల్పితం కాదు. స్కాట్లండులోని అబర్డీన్‌లో విలియం వాట్సన్ అనే న్యాయాధికారి 1841లోనే అలాంటి బడి తెరిచి, వీధిలో అడుక్కునే పిల్లల సంఖ్య తగ్గించి చూపాడు. 1851 డిసెంబరులో బర్మింగ్‌హామ్‌లో మేరీ చొరవతో సంస్కర్తల మహాసభ జరిగింది, ఆపై పార్లమెంటు విచారణసంఘం ముందు ఆమె స్వయంగా సాక్ష్యం చెప్పింది. స్త్రీకి వోటుహక్కు లేని కాలంలో ఒక ఉపాధ్యాయురాలు దేశపు శిక్షాశాస్త్రాన్ని ప్రశ్నించి శాసనకర్తల చేత ఆలకింపజేసుకోవడం సామాన్యమైన విషయం కాదు.

చట్టం కోసం ఎదురుచూడకుండా ఆమె 1852లో బ్రిస్టల్ సమీపంలోని కింగ్స్‌వుడ్‌లో సంస్కరణాలయం ప్రారంభించింది. మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ నూరేళ్ల క్రితం బడి నడిపిన భవనాలవి. మొదట మగపిల్లలనూ ఆడపిల్లలనూ కలిపి చేర్చుకున్నారు గానీ, పారిపోవడాలూ అల్లర్లూ ఎక్కువ కావడంతో ఆడపిల్లలకు వేరే చోటు అవసరమైంది. కవి బైరన్ భార్య లేడీ బైరన్ బ్రిస్టల్‌లోని రెడ్ లాడ్జ్ అనే ఎలిజబెత్ కాలపు భవంతిని కొని ఇవ్వగా, 1854 అక్టోబరులో అక్కడ బాలికల సంస్కరణాలయం తెరుచుకుంది. నేడు మ్యూజియంగా ఉన్న ఆ భవంతిలో ఆనాడు బాలికలు చదవడం, రాయడం, లెక్కలు, కుట్టుపని, వంట, చాకిరేవు పని నేర్చుకునేవారు. బైబిలు పాఠాన్ని మేరీయే చెప్పేది. గృహసేవలో కుదురుకోవడానికి పనికివచ్చే పనులకే బాలికల విద్యను ఎక్కువగా పరిమితం చేయడం ఆ కాలపు సంకుచితత్వమే, దాన్ని కప్పిపుచ్చనక్కర లేదు. అయితే బిడ్డ ఇష్టాన్ని జయించాలే గాని ఇచ్ఛాశక్తిని విరవకూడదనీ, భయంతో వచ్చిన విధేయత గడప దాటగానే ఆవిరవుతుందనీ, బాలనేరస్థుడు కూడా ముందు బాలుడేననీ ఆమె పట్టుబట్టిన తీరు ఆ పరిమితిని మించి నిలిచింది.

ఈ సంస్థల్లో విశ్వాసం పనిచేసిన విధానాన్ని మూడు అంశాలుగా అర్థంచేసుకోవచ్చు. మొదటిది, సిబ్బంది ప్రేరణ: తక్కువ జీతానికి, రాత్రింబవళ్లు పిల్లల మధ్య గడపడానికి మనుషులు ముందుకు రావడానికి భక్తి బలమైన కారణమైంది. రెండోది, దినచర్య: ఉదయ సాయంకాల ప్రార్థనలు, ఆదివారపు విరామం, పండుగలు చెదిరిన బతుకుల్లో పెరిగిన పిల్లలకు కాలం మీద ఒక పట్టు ఇచ్చాయి. మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, గతం గురించిన దృష్టి: పశ్చాత్తాపం సాధ్యమని నమ్మే మతభావన, పుట్టుకతోనే దొంగ అన్న ముద్రను ఒప్పుకోలేదు. విద్య ఈ మూడింటికీ బయటి ప్రపంచంలో విలువ కల్పించింది. అక్షరం, వడ్రంగం, వ్యవసాయం వచ్చిన కుర్రవాడికి పని ఇచ్చే యజమాని దొరికేవాడు, లేకుంటే ఎంత మారిన మనసైనా ఆకలి ముందు నిలవలేకపోయేది.

అయినా మతం ఎప్పుడూ క్షమ పక్షాన్నే నిలవలేదు. 1854లో పార్లమెంటు చేసిన బాలనేరస్థుల చట్టం పదహారేళ్లలోపు పిల్లలను రెండు నుంచి ఐదేళ్లపాటు సంస్కరణాలయానికి పంపే అధికారం న్యాయస్థానాలకు ఇచ్చింది. స్వచ్ఛంద సంఘాలు బడులు నడుపుతాయి, ప్రభుత్వం తనిఖీ చేసి తలకింత చొప్పున ఖర్చు ఇస్తుంది, తల్లిదండ్రులు వారానికి ఐదు షిల్లింగులు మించకుండా చెల్లించాలి. అయితే బడికి వెళ్లేముందు ప్రతి బిడ్డా కనీసం పద్నాలుగు రోజులు జైల్లో గడపాలని కూడా ఆ చట్టం నిర్దేశించింది. తప్పుకు ముందు మూల్యం చెల్లించాలి, ఆ తర్వాతే దయ అన్నది ఆ షరతు వెనుక ఉన్న భావం. రెడ్‌హిల్ వ్యవసాయ పాఠశాలకు మతాచార్యుడిగా పనిచేసి, 1857లో సంస్కరణాలయాల తొలి తనిఖీ అధికారి అయిన సిడ్నీ టర్నర్ ఆ షరతును సమర్థించాడు. జైలు ముద్ర పడ్డ బిడ్డను మళ్లీ బిడ్డగా చూడడం సమాజానికి కష్టమవుతుందని మేరీ కార్పెంటర్ దాన్ని జీవితాంతం వ్యతిరేకించింది. ఒకే గ్రంథాన్ని పవిత్రంగా భావించే ఇద్దరు, ఒకరు ప్రాయశ్చిత్తాన్ని ముందు పెట్టి, మరొకరు వాత్సల్యాన్ని ముందు పెట్టి, పరస్పర విరుద్ధమైన నిర్ణయాలకు వచ్చారు. 1866 చట్టం ఆ గడువును పది రోజులకు తగ్గించింది, 1893లో అది ఐచ్ఛికమైంది, 1899లో పూర్తిగా రద్దయింది. అప్పటికి మేరీ మరణించి ఇరవైరెండేళ్లు గడిచాయి.

భక్తి ఒక్కటే చాలదనడానికి కూడా ఈ చరిత్రలో సాక్ష్యముంది. లెస్టర్‌షైర్‌లోని మౌంట్ సెయింట్ బెర్నార్డ్ మఠానికి చెందిన కాథలిక్ సన్యాసులు 1856లో బాలుర కోసం వ్యవసాయ కాలనీ తెరిచారు. సన్యాసుల నిష్ఠను ఎవరూ శంకించలేదు. అయినా శిక్షణ పొందిన ఉపాధ్యాయులు కొరవడి, వందల కొద్దీ పట్టణపు కుర్రవాళ్లను అదుపు చేయలేక, ఆ కాలనీ తిరుగుబాట్లు చవిచూసి 1881లో మూతబడింది. మరోవైపు, సంస్కరణాలయాల్లో ఏళ్ల తరబడి నిర్బంధం పెరిగేకొద్దీ, బడిగా మొదలైనది మరో పేరుతో జైలవుతోందన్న విమర్శ కూడా బలపడింది. చివరకు 1933 నాటి బ్రిటిషు బాలల చట్టం ఆ సంస్థలను రద్దుచేసి కొత్త తరహా ఆవాస పాఠశాలలుగా మార్చింది.

భారతదేశంలో ఈ ఆలోచనకు నేల కొంత ముందే సిద్ధమైంది. 1850 నాటి అప్రెంటిసుల చట్టం, నిరుపేద పిల్లలనూ చిన్న నేరాలు చేసిన పిల్లలనూ జైలుకు బదులు వృత్తిదారుల దగ్గర పనినేర్చుకోవడానికి కుదిర్చే అధికారాన్ని మేజిస్ట్రేట్లకు ఇచ్చింది. బొంబాయిలో స్కాట్లండు దేశస్థుడైన పత్రికా సంపాదకుడు జార్జి బ్యూయిస్ట్ వేసిన బీజం, బాగ్దాదు నుంచి వచ్చిన యూదు వర్తకుడు డేవిడ్ సాసూన్ దాతృత్వంతో 1857లో ఆయన పేరు మీద సంస్కరణాలయంగా స్థిరపడింది. 1866లో మేరీ కార్పెంటర్ తొలిసారి భారతదేశానికి వచ్చి బొంబాయి, అహ్మదాబాద్, మద్రాసు, కలకత్తా నగరాలు చూసింది. స్త్రీవిద్య ఆమె ప్రధాన లక్ష్యమైనా జైళ్లను కూడా సందర్శించి, పిల్లలను పెద్దనేరస్థులతో కలిపి ఉంచడాన్ని తప్పుపట్టి, ప్రభుత్వానికి నివేదనలు పంపింది. ఆ తర్వాత మరో మూడుసార్లు వచ్చింది. ఆమె చివరి పర్యటన ముగిసిన 1876లోనే భారత ప్రభుత్వం సంస్కరణ పాఠశాలల చట్టాన్ని తెచ్చింది. పదహారేళ్లలోపు బాలురను రెండు నుంచి ఏడేళ్లపాటు బడిలో ఉంచడానికి అది వీలు కల్పించింది. 1897లో మరో చట్టం దాని స్థానాన్ని ఆక్రమించింది. రెండు చట్టాలూ బాలురకే పరిమితమయ్యాయి. బాలికల సంస్కరణాలయం నడిపిన స్త్రీ ప్రయత్నించి తెప్పించిన ఆలోచనలో ఈ దేశపు బాలికలకు చోటు దొరకకపోవడం విచారకరం.

మద్రాసు రాజధానిలో ఈ చట్టం కింద 1887లో చెంగల్పట్టులో సంస్కరణ పాఠశాల ఏర్పడింది. ఆంధ్ర జిల్లాలు అప్పుడు ఆ రాజధానిలో భాగం కాబట్టి, తెలుగు ప్రాంతాల బాలనేరస్థుల చరిత్ర కూడా ఆ బడితో ముడిపడి ఉంది. ఇంగ్లండులో మతసంఘాలు నడిపిన సంస్థ ఇక్కడ ప్రభుత్వసంస్థ అయింది. 1858 నాటి రాణి ప్రకటన ప్రజల మతవిషయాల్లో జోక్యం చేసుకోబోమని హామీ ఇచ్చినందువల్ల, హిందూ ముస్లిం పిల్లలు నిండిన ప్రభుత్వ బడి క్రైస్తవ బోధను పునాదిగా చేసుకోలేకపోయింది. మేరీ కార్పెంటర్ సైతం భారతదేశంలో తన పని మతమార్పిడితో సంబంధం లేనిదని స్పష్టంచేసింది. అందువల్ల ఇక్కడి సంస్కరణాలయంలో భారమంతా అక్షరం మీదా చేతిపని మీదా పడింది. ఈ బడులను జైళ్లశాఖ నుంచి విద్యాశాఖకు అప్పగించాలన్న నిర్ణయం శతాబ్దాంతానికి వెలువడడం, శిక్ష కంటే చదువుదే ముందుస్థానమన్న సూత్రానికి లభించిన ముఖ్యమైన గుర్తింపు.

తెలుగునేల మీద మతం, విద్య, పని మూడూ కలిసి నడిచిన ప్రయోగం మరొకటి ఉంది గానీ, దాని కథ బాధాకరమైనది. 1871లో పుట్టి 1911లో మద్రాసు రాజధానికి విస్తరించిన నేరస్థ తెగల చట్టం, కొన్ని కులాలను మొత్తంగా నేరస్థులుగా ప్రకటించింది. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో ఉంచడానికి 1911 చట్టం అనుమతించింది. ఏ తప్పూ చేయని బిడ్డలను సైతం అది సంస్కరించవలసినవారి జాబితాలో చేర్చింది. మద్రాసు ప్రభుత్వ కోరికపై, తెలుగులో రక్షణ సైన్యంగా పిలిచే క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ బాపట్ల దగ్గర యెరుకల కుటుంబాల కోసం ఒక సెటిల్‌మెంటు నడిపింది. ప్రభుత్వంలో పెద్దపదవిలో ఉన్న హెరాల్డ్ స్టూవర్టు పేరుమీద అది స్టూవర్టుపురం అయింది. అక్కడ బడి పెట్టి, వైద్యం చేసి, భూములు సాగులోకి తెచ్చిన మిషనరీల శ్రమను కాదనలేము. ఆ బడిలో చదివిన తరాల్లో ఉద్యోగస్థులూ ఉపాధ్యాయులూ ఎదిగారు. కానీ హాజరుపట్టీకి, కదలికలపై ఆంక్షకు, పుట్టుకతో అంటిన ముద్రకు కట్టుబడిన జనానికి చెప్పిన ప్రార్థన, ఎంత ప్రేమతో చెప్పినా, నిర్బంధం నీడలోనే పడింది. రౌహెస్ హౌస్‌లో గతం గురించి అడగబోమని మొదటే చెప్పారు. ఇక్కడ లేని గతాన్ని బిడ్డకు అంటగట్టి తర్వాత దాన్ని కడిగే పని మొదలుపెట్టారు. మద్రాసులో 1947లోనూ, దేశమంతటా 1952లోనూ ఆ చట్టం రద్దయినా పేరుకంటిన అపవాదు తొలగలేదు. 1970లలో విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, మహాకవి జాషువా కుమార్తె అయిన ఆయన సహధర్మచారిణి హేమలతా లవణం ఆ గ్రామంలో సంస్కరణ కార్యక్రమం చేపట్టారు. దేవుణ్ణి నమ్మని ఆ దంపతులు మనిషి మారగలడన్న నమ్మకాన్నే ఆధారంగా చేసుకోవడం, ఈ రంగంలో అసలు అవసరమైన విశ్వాసం ఏదో తేటతెల్లం చేస్తుంది.

1919-20 నాటి భారత జైళ్ల కమిటీ పిల్లలకు ప్రత్యేక న్యాయస్థానాలు కావాలని సిఫారసు చేయగా, 1920లో దేశంలోనే మొదటి బాలల చట్టాన్ని మద్రాసు రాజధాని చేసింది. అక్కడి నుంచి 2015 నాటి బాలల న్యాయచట్టం వరకు సాగిన దారిలో, తప్పుచేసిన బిడ్డకు కొత్త జీవితం ఆరంభించే హక్కుందన్న సూత్రం చట్టపాఠంలోకే ఎక్కింది. బాలుడిగా చేసిన తప్పు పెద్దయ్యాక ఉద్యోగానికో హక్కుకో అడ్డురాకూడదన్న నియమం కూడా చేరింది. అదే చట్టం, తీవ్రమైన నేరాల విషయంలో పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల వారిని పెద్దలలాగా విచారించడానికి దారి తెరిచింది. పంతొమ్మిదో శతాబ్దంలో పద్నాలుగు రోజుల జైలు గురించి జరిగిన వాదమే ఇప్పుడు మరో రూపంలో న్యాయస్థానాల ముందుకు వస్తోంది.

ఈ చరిత్ర ఒక తీర్పు ఇవ్వగలిగినంత సాక్ష్యాన్ని పోగుచేసింది. ప్రార్థననూ పలకనూ సంకెళ్లతో కలిపి ఇచ్చిన పార్క్‌హర్స్ట్ విఫలమైంది, భక్తి ఉండి బోధనానైపుణ్యం లేని మఠం విఫలమైంది, పుట్టుకనే నేరంగా చూసిన సెటిల్‌మెంటు తాను పెట్టిన బడి ఫలితాన్ని తానే సగం చెరిపేసుకుంది. క్షమను మొదటి మెట్టుగా చేసి, దానిమీద చదువునూ వృత్తినీ నిలబెట్టి, విడుదలైన బిడ్డకు పని ఇచ్చేవారిని కూడా వెతికిపెట్టిన చోట్ల పిల్లలు మనుషుల్లో కలిశారు. మతం ఈ పనికి తోడ్పడాలంటే అది ముందుగా పెద్దలను మార్చాలి. విద్య తోడ్పడాలంటే దాని చివర ఒక జీవనోపాధి ఉండాలి. తప్పుచేసిన బిడ్డ మారాలని కోరే సమాజం, ఆ బిడ్డను తిరిగి చేర్చుకోవడానికి తాను ముందుగా సిద్ధపడవలసి ఉంటుంది.